పోయిన మ్యాన్‌ప్యాక్ ఎంతసేపు మాట్లాడుతుంది?

సైబర్ టవర్స్ కూడలిలో ఆఫీసులు వదిలే వేళ గట్టి వాన పడితే ఏమవుతుందో మాదాపూర్‌లో పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. మైండ్‌స్పేస్, రాయదుర్గం, గచ్చిబౌలి వైపుల నుంచి కార్లు, క్యాబ్‌లు, బైకులు అన్నీ ఒక్కసారే రోడ్డెక్కుతాయి. అందరూ ఫోన్లు తీసేదీ ఆ వేళకే. టవర్ల మీద అంత భారం పడితే కాల్ కలవదు, కలిసినా మధ్యలో తెగుతుంది. ఆ గంటలో ఒక కూడలికీ మరో కూడలికీ మధ్య పని నడిపేది ట్రాఫిక్ కానిస్టేబుల్ భుజానికి తగిలించుకున్న చిన్న సెట్టు. పోలీసుల వాడుకలో దాని పేరు మ్యాన్‌ప్యాక్. పక్కనున్న బటన్ నొక్కి మాట్లాడితే ఆ ఛానల్ మీదున్న అందరికీ ఒకేసారి వినబడుతుంది. నంబరు కొట్టే పని లేదు, అవతల ఎవరూ ఎత్తే పనీ లేదు.

ఆపదలో అక్కరకొచ్చేది ఆ గుణమే. ఆపద తెచ్చిపెట్టేదీ ఆ గుణమే. మాట్లాడుతున్నది ఎవరని సెట్టు అడగదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్లే పోలీసు.

1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచినప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్లగుట్టలే ఉండేవి. 2003లో సైబరాబాద్ కమిషనరేట్ ఏర్పడింది. 2006లో ఐటీ సంస్థలూ పోలీసులూ కలిసి సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ పెట్టుకున్నారు. నేడు ఈ కారిడార్‌లో గస్తీ వాహనాల దగ్గర, క్యాంపస్‌ల గేట్ల దగ్గర, మాల్స్‌లో, ఆసుపత్రుల్లో, ఎక్కడ చూసినా ఎవరో ఒకరి నడుముకు వాకీటాకీ కనిపిస్తుంది. ఇన్ని సెట్లు తిరిగేచోట ఒకటి జారిపోవచ్చు, ఒకటి దొంగ చేతిలో పడవచ్చు, ఒకదాన్ని ఎవరైనా విప్పి చూడవచ్చు. అప్పుడేం చేయాలన్నది ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

పోయిన సెట్టు ఖరీదును రూపాయల్లో లెక్కగట్టడం తేలిక. అందులోని ప్రోగ్రామింగ్ ఫైలు విలువను మాత్రం అలా కట్టలేం. ఏ ఛానల్ ఏ ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుంది, సంకేతాన్ని అందుకుని మళ్లీ దూరానికి ప్రసారం చేసే రిపీటర్‌ను తెరిచే టోన్ ఏది, ఏ బృందం ఏ గ్రూపులో ఉంది, ఈ సెట్టు సొంత గుర్తింపు సంఖ్య ఎంత, కొన్ని సెట్లలో సంభాషణను రహస్యంగా ఉంచే కీ ఏది... ఇవన్నీ అక్కడే ఉంటాయి. ప్రోగ్రామింగ్ కేబుల్, ల్యాప్‌టాప్ ఉన్నవాడికి, ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టని సెట్టు నుంచి ఆ సమాచారమంతా లాగడం కొద్ది నిమిషాల పని. ఒక్క సెట్టు చేజారితే మొత్తం వ్యవస్థ పటం బయటికి పోయినట్టే.

దేశంలో పోలీసులు దశాబ్దాలుగా నమ్ముకున్నవి వీహెచ్‌ఎఫ్ బ్యాండ్‌లోని అనలాగ్ ఎఫ్‌ఎం సెట్లు. గట్టివి, చవకైనవి, అడవిలోనూ కొండల్లోనూ పనిచేసేవి. వాటిలో మాట ఏ ముసుగూ లేకుండా గాల్లోకి వెళ్తుంది. ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పిన ఏ రిసీవరైనా వింటుంది. వినడం ఒక్కటే అయితే కొంత నయం. ఎఫ్‌ఎంకు మరో లక్షణం ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సంకేతాలు వస్తే ఎఫ్‌ఎం రిసీవర్ రెంటినీ కలిపి వినిపించదు. బలమైనదాన్ని పట్టుకుని బలహీనమైనదాన్ని దాదాపు పూర్తిగా అణిచేస్తుంది. ఇంజనీర్లు దీన్ని క్యాప్చర్ ఎఫెక్ట్ అంటారు. విమానాలు ఇప్పటికీ పాత ఏఎం పద్ధతిలోనే మాట్లాడటానికి చెప్పే కారణాల్లో ఇదొకటి: ఇద్దరు పైలట్లు ఒకేసారి మాట్లాడితే కనీసం గరగర అయినా వినబడి, మరొకరున్నారని తెలుస్తుంది. పోలీసు ఛానల్‌లో ఆ సూచన కూడా రాదు. రిపీటర్ ఉన్న భవనం కింద నిలబడి ఎవరైనా దొంగిలించిన అయిదు వాట్ల సెట్టు బటన్ నొక్కి ఉంచితే, రెండు కిలోమీటర్ల అవతల సాయం కోసం అరుస్తున్న కానిస్టేబుల్ గొంతు ఎవరికీ చేరదు.

ఇందుకు దురుద్దేశం కూడా అక్కర్లేదు. జీపు సీట్ల మధ్య పడిపోయిన సెట్టు బటన్ ఏదో ఒకదానికి ఒత్తుకుని ఉండిపోయినా ఛానల్ మూగబోతుంది. అందుకే సెట్లలో టైమౌట్ అనే ఏర్పాటు ఉంటుంది: నిర్ణీత సమయం, సాధారణంగా ఒకటి రెండు నిమిషాలు, దాటితే సెట్టు దానంతటదే ప్రసారం ఆపేస్తుంది. ప్రోగ్రామింగ్‌లో ఒక్క గడి నింపితే వచ్చే రక్షణ ఇది. పైసా ఖర్చు లేదు. దాన్ని నింపకుండా వదిలేయడం క్షమించరాని నిర్లక్ష్యం.

తెలుగు నేలకు ఆనుకుని ఉన్న ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలో, బుర్కాపాల్ దగ్గర 2017 ఏప్రిల్ 24న మావోయిస్టుల మెరుపుదాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. దాడి చేసినవాళ్లు తుపాకులు, తూటాలు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లతో పాటు అయిదు వైర్‌లెస్ సెట్లు ఎత్తుకెళ్లారు. అంత దుఃఖంలో అయిదు సెట్ల సంగతి ఎవరి దృష్టికీ పెద్దగా రాదు. కానీ తుపాకీ పోతే శత్రువుకు ఒక తుపాకీ పెరుగుతుంది. సెట్టు పోతే మిగిలిన సెట్లన్నింటి మీదా అనుమానం పడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఇప్పటిదాకా మావోయిస్టు డంపులు దొరికినప్పుడు పోలీసులు విడుదల చేసే జాబితాల్లో వాకీటాకీలు, స్కానర్లు కనిపిస్తూ వచ్చాయి. వినడం కూడా యుద్ధంలో భాగమని రెండు పక్షాలకూ తెలుసు.

అనలాగ్ సెట్టు పోతే దాన్ని దూరం నుంచి ఆపే మార్గం చాలా వ్యవస్థల్లో లేదు. ఇంటి తాళంచెవి పోతే తాళమే మార్చుకున్నట్టు, మిగిలిన ప్రతి సెట్టునూ వెనక్కి తెప్పించి, కేబుల్ తగిలించి, ఫ్రీక్వెన్సీలూ టోన్లూ మార్చాలి. పెద్ద కమిషనరేట్‌లో ఇది రోజుల తరబడి సాగే పని. కొత్త ఫ్రీక్వెన్సీకి కేంద్రంలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం అనుమతీ కావాలి.

గుర్తింపు అడగని రేడియో ఎంత చేటు తెస్తుందో పోలండ్ 2023 ఆగస్టులో చూసింది. అక్కడి రైళ్లను అత్యవసరంగా ఆపడానికి ఒక రేడియో సంకేతం ఉంది: 150.100 మెగాహెర్ట్జ్ మీద వరసగా మూడు టోన్లు. అది వినబడితే ఆ పరిధిలోని రైళ్లు నిలిచిపోతాయి. పంపింది రైల్వేనా మరొకరా అని పరీక్షించే ఏర్పాటే లేదు. ఆగస్టు 25 రాత్రి ష్చెచిన్ పరిసరాల్లో ఎవరో ఆ మూడు టోన్లు పంపారు. ఇరవైకి పైగా రైళ్లు ఆగిపోయాయి. కంప్యూటర్ హ్యాకింగ్ ఏమీ జరగలేదు. మామూలు ట్రాన్స్‌మిటర్ సరిపోయింది.

డిజిటల్ సెట్లు ఈ లోటును తీర్చడానికే వచ్చాయి. వాటిలో పోలీసు, మెట్రో, విమానాశ్రయ వర్గాల్లో ఎక్కువగా వినిపించే పేరు టెట్రా. ఇది యూరప్ ప్రమాణాల సంస్థ ఎట్సీ 1990లలో రూపొందించిన వ్యవస్థ. ప్రతి టెట్రా సెట్టులోనూ 128 బిట్ల రహస్య కీ ఒకటి ఉంటుంది. దాని నకలు కంట్రోల్ కేంద్రంలో ఉంటుంది. ఆ కీ ఏనాడూ గాల్లోకి రాదు. సెట్టు ఆన్ కాగానే నెట్‌వర్క్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. సెట్టు ఆ సంఖ్యను తన కీతో కలిపి లెక్క చేసి, 32 బిట్ల జవాబు తిప్పి పంపుతుంది. కేంద్రం కూడా అదే లెక్క చేసుకుని రెండూ సరిపోతేనే లోనికి రానిస్తుంది. మధ్యలో విన్నవాడికి ఆ జవాబు ఎందుకూ పనికిరాదు, మర్నాడు వచ్చే ప్రశ్న వేరు కాబట్టి.

పోయిన సెట్టు విషయంలో టెట్రా ఇచ్చే ఆయుధాలు రెండు. ఒకటి తాత్కాలిక నిలుపుదల. రేడియో ఇంజనీర్లు దీన్ని స్టన్ అంటారు. ఈ ఆజ్ఞ అందుకున్న సెట్టు మాట్లాడదు, వినిపించదు. కానీ లోలోపల నెట్‌వర్క్‌తో సంబంధం ఉంచుకుంటుంది, ఎక్కడుందో తెలుస్తుంది, దొరికితే మళ్లీ లేపవచ్చు. రెండోది శాశ్వత నిలుపుదల, అంటే కిల్. ఇక గాలి ద్వారా దాన్ని లేపడం కుదరదు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడవుతున్న, డీఎంఆర్ అనే మరో డిజిటల్ ప్రమాణపు సెట్లలోనూ ఇలాంటి సౌకర్యం ఉంది, అయితే దాని గట్టితనం కంపెనీని బట్టి, కొన్న ఫీచర్లను బట్టి మారుతుంది.

ఈ మీట చేతిలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. చంపే ఆజ్ఞ ఇచ్చింది నిజంగా కంట్రోల్ రూమేనని సెట్టు పరీక్షించుకోకపోతే, అదే ఆజ్ఞతో శత్రువు ఒక బృందం మొత్తాన్నీ మూగ చేయగలడు. కాబట్టి నిర్ధారణ రెండు వైపులా జరగాలి: సెట్టును నెట్‌వర్క్, నెట్‌వర్క్‌ను సెట్టు పరీక్షించాలి. ఇక సెట్టు ఆఫ్‌లో ఉంటే ఆజ్ఞ చేరదు. అది మళ్లీ ఎప్పుడు నెట్‌వర్క్‌లోకి తొంగిచూసినా వెంటనే తగిలేలా ఆజ్ఞను వరసలో నిలిపి ఉంచాలి. అప్పటికీ మరో ప్రమాదం మిగిలే ఉంటుంది. దొంగ సెట్టును నెట్‌వర్క్‌లో కలపకుండా లోపలి కీ మాత్రం బయటికి తీసి, వేరే రిసీవర్‌తో వినవచ్చు. దీనికి విరుగుడు, పోయిన సెట్టును తప్పించి మిగతావాటన్నింటికీ గాలి ద్వారానే కొత్త గ్రూపు కీలు పంపడం. అనలాగ్‌లో రోజులు పట్టే తాళం మార్పిడి ఇక్కడ చాలా త్వరగా ముగుస్తుంది. డిజిటల్ సెట్టు కొనడానికి స్పష్టమైన శబ్దం కంటే గట్టి కారణం ఇదే.

అయితే డిజిటల్ అన్న మాట ఒక్కటే హామీ కాదు. నెదర్లాండ్స్‌లోని మిడ్‌నైట్ బ్లూ సంస్థ పరిశోధకులు ముగ్గురు ఒక మోటరోలా టెట్రా సెట్టు కొని, దాని చిప్‌లోని రక్షణను ఛేదించి, పాతికేళ్లకు పైగా గుట్టుగా ఉంచిన ఎన్‌క్రిప్షన్ సూత్రాలను బయటికి తీశారు. 2023 జులైలో లోపాలను ప్రకటించారు. టెట్రాలో మొదటినుంచీ ఉన్న ఇలాంటి సూత్రాలు నాలుగు. యూరప్ పోలీసులకు కేటాయించింది టీఈఏ2. ఎగుమతి ఆంక్షలకు లోబడి యూరప్ వెలుపల అనేకమందికి అమ్మింది టీఈఏ1. దాని కీ పొడవు కాగితం మీద 80 బిట్లు. లోపల ఒక మెట్టులో ఆ కీ 32 బిట్లకు కుంచించుకుపోతుందని తేలింది. 80 బిట్లంటే ఒకటి పక్కన 24 సున్నాలు పెట్టినంత సంఖ్యలో అవకాశాలు. 32 బిట్లంటే సుమారు 430 కోట్లు మాత్రమే. మనిషికి అది పెద్ద సంఖ్యే గానీ మామూలు కంప్యూటర్‌కు నిమిషాల పని. టెండరు పత్రంలో ‘ఎన్‌క్రిప్షన్ ఉండాలి’ అని ఒక ముక్క రాసి సరిపెట్టే ఏ ప్రభుత్వ సంస్థకైనా ఇది పెద్ద హెచ్చరిక. ఏ సూత్రం, ఎన్ని బిట్లు, ఎవరు పరీక్షించారు అని అడిగే హక్కు, అడగాల్సిన బాధ్యత కొనేవాళ్లవి. గచ్చిబౌలిలోనే సీఆర్ రావు గణిత సంస్థ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. ఈ ప్రశ్నలు వేయగల గణితజ్ఞులూ ఇంజనీర్లూ కమిషనరేట్‌కు కూతవేటు దూరంలోనే దొరుకుతారు.

ఎన్‌క్రిప్షన్ పక్కాగా ఉన్నా మనిషి వేలు దాన్ని ఓడించగలదు. అమెరికాలో పోలీసులు, ఫెడరల్ ఏజెంట్లు వాడే పీ25 సెట్ల మీద పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండేళ్ల పాటు నగరాల్లో గాల్లోని సంభాషణలు గమనిస్తే, రహస్యంగా మాట్లాడుతున్నామనుకున్న ఏజెంట్లు ఎన్నోసార్లు ఏ ముసుగూ లేకుండా మాట్లాడేస్తున్నారని బయటపడింది. రహస్యం ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పే మీట గుర్తులు అయోమయంగా ఉండటం ఒక ముఖ్య కారణం. ఆ బృందమే పిల్లలు సందేశాలు పంపుకునే ఒక ఆటబొమ్మ చిప్‌ను మార్చి జామర్ తయారుచేసింది. 1,728 బిట్ల మాటల ఫ్రేములో కీలకమైన 64 బిట్లను చెడగొడితే చాలు, ఆ ఫ్రేము మొత్తం రిసీవర్‌కు పనికిరాకుండా పోతుందని చూపించింది.

ఇంత గణితమూ చెప్పుకున్నాక కూడా, సెట్ల భద్రతలో అన్నిటికంటే బలహీనమైన చోటు మరొకటుంది. పోయిన సెట్టును ఆపాలంటే, పోయిందని ముందు కంట్రోల్ రూముకు తెలియాలి. సెట్టు చేజారిన క్షణానికీ ఆ కబురు చేరిన క్షణానికీ మధ్య గడిచే కాలమే దొంగకు దక్కే అసలు లాభం. మన ప్రభుత్వ శాఖల్లో ఆ కాలం ఎందుకు సాగుతుందో లోపల పనిచేసేవాళ్లకు తెలుసు. ప్రభుత్వ ఆస్తి పోగొట్టినందుకు మెమో వస్తుంది, సంజాయిషీ రాయాలి, జీతంలోంచి రికవరీ ఉంటుంది. చిన్న జీతంతో బతికే హోంగార్డు మొదట చేసే పని సెట్టు కోసం తానే వెతుక్కోవడం. తిరిగిన దారంతా మళ్లీ తిరుగుతాడు, టీ బండి దగ్గర అడుగుతాడు, తోటివాళ్లను ఆరా తీస్తాడు. షిఫ్టు అయిపోయి సెట్టు అప్పగించే వేళ దాకా పై అధికారికి చెప్పడు. ఆ గంటల్లో స్టన్ మీట ఎంత గొప్పదైనా ఊరికే పడుంటుంది.

అందుకే వెంటనే చెప్పినవాడి మీద చర్య లేదని, దాచినందుకే చర్య ఉంటుందని రాతపూర్వకంగా ప్రకటించాలి. భద్రతకు పెట్టే ఏ ఖర్చు కంటే ఈ ఒక్క ఉత్తర్వు ఎక్కువ మేలు చేస్తుంది. దాంతో పాటు రోల్‌కాల్‌లో మనుషులతో సమానంగా సెట్లనూ పిలవాలి. డిజిటల్ సెట్లయితే ఆ పిలుపును నెట్‌వర్కే చేయగలదు: నిర్ణీత వ్యవధిలో ప్రతి సెట్టునూ మౌనంగా పలకరించి, జవాబివ్వని దాన్ని ఎర్రగా చూపిస్తుంది. జీపీఎస్ ఉన్న సెట్టు తానెక్కడుందో కూడా చెబుతుంది.

జీపీఎస్ లేని సెట్టును వెతకాలంటే దాని తరంగాన్నే పట్టుకుని వెళ్లాలి. ఇక్కడ హైటెక్ సిటీ కట్టడాలు అడ్డం పడతాయి. ఎండ వేడి లోపలికి రాకుండా ఈ భవనాల అద్దాలకు పూసే పల్చటి లోహపు పూత రేడియో తరంగాన్నీ వెనక్కి కొడుతుంది. 150 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు రెండు మీటర్లు. అది ఒక అద్దాల గోడకు తగిలి, మరో గోడకు మళ్లి, నాలుగైదు దారుల్లో యాంటెన్నాను చేరుతుంది. దిశ చూపే పరికరం దొంగ వైపు కాక, ఎదురుగా ఉన్న భవనం వైపు చూపిస్తుంది. సోమాజిగూడలో 1983 నుంచి ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో లాంటి చోట్ల శిక్షణ పొందిన హామ్‌లు, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడిపేవాళ్లు, దాచిన ట్రాన్స్‌మిటర్‌ను వెతికే పోటీలు ఆడతారు. ఒక్క చోటి సూచనను నమ్మకూడదని, ఖాళీ జాగాల నుంచి పలుమార్లు కొలిచి గీతలు కలపాలని వాళ్లకు అనుభవం నేర్పింది. మరో పద్ధతి, సమయం కచ్చితంగా సరిపోల్చిన రిసీవర్లను వేర్వేరు చోట్ల పెట్టి, సంకేతం ఏ చోటికి ఎంత ముందుగా వచ్చిందో చూడటం. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు వెళ్తుంది. పదో వంతు మైక్రోసెకను తేడాను కొలవగలిగితే ఆచూకీ ముప్ఫై మీటర్ల దరిదాపుల్లోకి వస్తుంది.

సెట్టును ఎత్తుకుపోకుండా, విప్పి మార్చేవాళ్ల సంగతి వేరు. మంచి సెట్లలో కీలను కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో దాస్తారు. మూత తెరిచినా, బ్యాటరీ తీసి కొంతసేపు ఉంచినా అవి చెరిగిపోతాయి. కంపెనీ డిజిటల్ సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను సెట్టు స్వీకరించదు. జర్మనీ పోలీసు, అగ్నిమాపక శాఖల టెట్రా సెట్లలో కీలు ఉండేది సెట్టులో కాదు, ఆ దేశపు సమాచార భద్రతా సంస్థ జారీ చేసే ఒక చిన్న కార్డులో. కార్డు లేని సెట్టు ఆ నెట్‌వర్క్‌కు పనికిరాదు.

ఆ మార్పు సెట్టు చేతికి రాకముందే జరగవచ్చు కూడా. 2024 సెప్టెంబర్ 18న లెబనాన్‌లో వాకీటాకీలు పేలి ఇరవై మందికి పైగా మరణించారు. వాటి మీద ఐకామ్ ఐసీ-వీ82 అన్న పేరుంది. ఆ మోడల్ తయారీని, దాని బ్యాటరీల తయారీని సుమారు పదేళ్ల కిందటే ఆపేశామని, ఆ సెట్ల మీద నకిలీలను గుర్తించే హోలోగ్రామ్ లేదని జపాన్ కంపెనీ ఐకామ్ ప్రకటించింది. సెట్టు వాడేవాడి చేతికి రాకముందే ఎవరి చేతుల్లో తిరిగిందన్న ప్రశ్న ఆ రోజు నుంచి ప్రపంచంలోని పోలీసు శాఖలన్నింటికీ వర్తిస్తుంది. చవగ్గా దొరికిందని బయటి బ్యాటరీ వేయడం ఇక చిన్న విషయంగా మిగల్లేదు.

బయటి బజారు కథా ఇందులో భాగమే. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోదగ్గ వాకీటాకీలకు 2018 నియమాలు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా ఒక చిన్న పట్టీని వదిలాయి. అంతకు మించి ఏ ఫ్రీక్వెన్సీకైనా అనుమతి కావాలి. అయినా ఏ ఛానల్‌కైనా ప్రోగ్రామ్ చేసుకోగల సెట్లు ఆన్‌లైన్‌లో బొమ్మల్లా అమ్ముడుపోయాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2025 మేలో ఈ-కామర్స్ సంస్థలకు 13 నోటీసులిచ్చింది, నిబంధనలు పాటించని 16,970 అమ్మకపు ప్రకటనలను గుర్తించింది, ఆ నెలాఖరుకు మార్గదర్శకాలు తెచ్చింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం గుర్తింపు సంఖ్యను మార్చినా, మార్చారని తెలిసి అలాంటి రేడియో పరికరాన్ని దగ్గర ఉంచుకున్నా మూడేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా పడవచ్చు. దొంగ సెట్టు కొనేవాడికి ఈ సంగతి తెలియాలి.

చివరగా, పోకుండానే చేజారే సెట్లున్నాయి. కాలం తీరిన సెట్లను కార్యాలయ భాషలో కండెమ్ చేస్తారు. స్టోర్‌లో కుప్పపోసి, కమిటీ సంతకాలయ్యాక తుక్కు కింద వేలం వేస్తారు. పాడైన సెట్టంటే తెర పగిలిందో, బటన్ ఊడిందో, బ్యాటరీ నిలవడం లేదో అయ్యుండొచ్చు. మెమరీలోని ఛానళ్లూ, చాలా సెట్లలో కీలూ మాత్రం చెక్కుచెదరకుండా ఉండవచ్చు. వేలంలో కొన్న తుక్కు వ్యాపారి దగ్గర నుంచి అవి ఎవరి బల్ల మీదికైనా చేరవచ్చు. కండెమ్ కాగితంలో మోడల్, సీరియల్ నంబరు పక్కన మరో రెండు గడులు చేరిస్తే ఈ దారి మూసుకుపోతుంది: మెమరీ ఎవరు చెరిపారు, ఆ గుర్తింపు సంఖ్యను నెట్‌వర్క్ జాబితా నుంచి ఏ తేదీన తీసేశారు.